అక్వేరియంలో క్రేఫిష్ కదలకుండా పడి ఉందా..? చచ్చిపోయిందని పారేయకండి.. ముందు ఇది తెలుసుకోండి!

పొద్దున లేచి చూసేసరికి అక్వేరియంలో క్రేఫిష్ పక్కకు ఒరిగి, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటుంది. చచ్చిపోయిందనుకుని కొందరు తీసి పారేస్తారు. కానీ అది బతికే ఉండొచ్చు. పాత పెంకు వదిలే పనిలో ఉండొచ్చు. ఆ సమయంలో చేసే చిన్న పొరపాటే దాని ప్రాణం తీస్తుంది.

పెంకు ఎందుకు వదులుతుంది?

క్రేఫిష్.. చూడటానికి రొయ్యకు, పీతకు మధ్యలో ఉన్నట్టుండే మంచినీటి జీవి. దాని ఒళ్లు పెరుగుతుంది కానీ పైనున్న గట్టి పెంకు పెరగదు. అందుకే పాము కుబుసం విడిచినట్టు పెంకు మొత్తాన్నీ వదిలేస్తుంది. దీన్నే మోల్టింగ్ అంటారు. రొయ్యల చెరువుల రైతులకు ఇది బాగా తెలిసిన విషయమే. పిల్లలు కొన్ని వారాలకోసారి, పెద్దవి ఏడాదికి ఒకటి రెండుసార్లు పెంకు మారుస్తాయి.

ముందే ఇలా తెలిసిపోతుంది..

తిండి మానేస్తుంది. మూలన దాక్కుంటుంది. రంగు కాస్త మసకబారుతుంది. ఈ టైమ్‌లో పాత పెంకులోని కాల్షియంలో కొంత లాగేసుకుని, పొట్టలో రెండు చిన్న రాళ్లలా దాచుకుంటుంది. తర్వాత వీపు, తోక కలిసే చోట పెంకు చీలుతుంది. అక్కడి నుంచే వెనక్కి జారుతూ బయటకు వస్తుంది.

ఈ తప్పులు అస్సలు చేయొద్దు

* ఆలస్యమవుతోందని చేత్తో పట్టి లాగొద్దు. కాళ్లు, మొప్పలు తెగిపోతాయి.
* వదిలిన పెంకును వెంటనే తీసేయొద్దు. కాల్షియం కోసం అది దాన్నే తింటుంది.
* ఆ రోజుల్లో నీళ్లన్నీ ఒకేసారి మార్చొద్దు.
* రాగి కలిసిన చేపల మందులు వాడొద్దు. క్రేఫిష్‌కు రాగి విషం.
* వట్టి ఆర్‌ఓ నీళ్లు పోయొద్దు. అందులో ఖనిజాలు బాగా తక్కువ. కాల్షియం అందకపోతే కొత్త పెంకు గట్టిపడదు.

మరి ఏం చేయాలి?

కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే వాడాలి. కాల్షియం కోసం పక్షుల బోనుల్లో పెట్టే కటిల్ బోన్ ముక్క వేస్తే చాలు. ఎయిర్ పంప్ ఆపకూడదు. పెంకు వదిలేటప్పుడు దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. దాక్కోవడానికి ఓ పీవీసీ పైపు ముక్క తప్పనిసరి. కొత్త పెంకు కొన్ని రోజుల పాటు మెత్తగా ఉంటుంది. అప్పుడు పక్కనున్న మరో క్రేఫిష్‌ దాన్ని తినేసే ప్రమాదం ఉంది. అందుకే ఒక తొట్టిలో ఒక్కటే ఉంచడం మేలు. తిననప్పుడు మేత వేస్తే కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. మళ్లీ తిరగడం మొదలుపెట్టాకే కొద్దికొద్దిగా వేయాలి.

చచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

లోపల ఖాళీగా, వీపు దగ్గర చీలి ఉంటే అది వదిలిన పెంకే. అసలు క్రేఫిష్ ఏ రాయి కిందో ఉంటుంది. ఖాళీ లేకుండా ఉండి, దుర్వాసన వస్తేనే చచ్చినట్టు. అనుమానంగా ఉంటే ఒక రోజు ఆగి చూడాలి.

ఇంకో విషయం.. పెంచలేకపోతున్నామని చెరువుల్లో, కాలువల్లో మాత్రం వదలొద్దు. అమెరికాకు చెందిన రెడ్ స్వాంప్ క్రేఫిష్ చాలా దేశాలకు పాకి, అక్కడి జలచరాలను దెబ్బతీసింది. పెంచాలనుకునే వేరేవాళ్లకు ఇచ్చేయడమే మంచిది.

ఓపిక పడితే ఫలితం కళ్ల ముందే కనిపిస్తుంది. గొడవల్లో ఊడిపోయిన కొండి కూడా ఒకటి రెండు మోల్టింగ్‌ల తర్వాత మళ్లీ మొలుస్తుంది!