నిలువు గీత, సున్నా

సీ ప్రోగ్రామును జావాస్క్రిప్టులోకి మార్చుకున్న విద్యార్థి ఒకడు క్లాసులో అడిగాడు: "గుణకారం రెండు చోట్లా గుణకారమే కదా సార్, జవాబు ఎందుకు మారింది?" అతని పెద్ద ఫార్ములా పక్కన పెట్టి చిన్న లెక్క వేద్దాం. 32 బిట్లూ ఒకట్లే అయిన సంఖ్య 4294967295. దాన్ని దానితోనే గుణించి కింది 32 బిట్లు అడిగితే, సీలో అన్‌సైన్డ్ ఇంటిజర్ 1 ఇస్తుంది. జావాస్క్రిప్ట్ 0 ఇస్తుంది.

సీ వెనక ఉన్నది 32 గళ్ల రిజిస్టర్. 33వ బిట్ పుడితే రాలిపోతుంది. హ్యాష్‌లు, ర్యాండమ్ నంబర్ల ఫార్ములాలు చాలావరకు ఆ రాలడాన్ని నమ్ముకుని రాసినవే. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేసిన జావాస్క్రిప్టులో మాత్రం మొదట్లో ఇంటిజర్ అనే రకమే లేదు. మామూలు సంఖ్య ప్రతిదీ డబుల్, అంటే 53 బిట్ల కచ్చితత్వమున్న ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య. అయితే బిట్ ఆపరేటర్లు ఉన్నాయి. అవి పని మొదలుపెట్టే ముందు సంఖ్యను 32 బిట్లకు కత్తిరిస్తాయి. సున్నాతో 'ఆర్' (|) చేస్తే బిట్లేవీ మారవు, కత్తిరింపు మాత్రం జరిగిపోతుంది. |0 చేసే పని అంతే.

కూడికకు ఇది చాలు. 2147483647కి 1 కలిపి |0 తగిలిస్తే -2147483648 వస్తుంది, రిజిస్టర్‌లో వచ్చినట్టే. రెండు 32 బిట్ల సంఖ్యల మొత్తం 33 బిట్లు దాటదు కాబట్టి డబుల్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది, కోత తర్వాత వేసుకోవచ్చు.

గుణకారం దగ్గరే చిక్కు. లబ్ధానికి 64 బిట్లు కావాలి. పట్టనప్పుడు డబుల్ పై బిట్లు ఉంచుకుని కిందివి వదిలేస్తుంది. మనకు కావలసింది తోక, అది దాచేది తల! మన లబ్ధం 18446744065119617025. అంత ఎత్తున పక్కపక్క డబుల్ సంఖ్యల మధ్య ఎడం 2048, కనుక చివరి ఒకటి ఎగిరిపోయి 18446744065119617024 మిగులుతుంది. ఆ తర్వాత ఎన్ని |0లు పెట్టినా పోయిన ఒకటి రాదు.

కనుక గుణించకముందే విడగొట్టాలి. ఒక్కో సంఖ్యను 16 బిట్ల పై సగం, కింది సగంగా చీల్చండి. పై సగాలు రెంటి లబ్ధం 32 గళ్లు దాటి పడుతుంది, దాన్ని లెక్కించనే అక్కర్లేదు. నాలుగు గుణకారాల్లో ఒకటి ఉచితంగా తప్పిపోవడం నాకు భలే ఇష్టం. కింది సగాల లబ్ధం 4294836225. అడ్డ లబ్ధాలు రెంటి మొత్తం 8589672450. దీన్ని 16 గళ్లు ఎడమకు జరిపితే 32 బిట్లలో మిగిలేది 131072. రెండూ కలిపితే 4294967297. |0 పెట్టండి: 1.

ఈ |0ను ఆయుధం చేసుకున్నది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ సంస్థ మొజిల్లా. అక్కడ అలోన్ జకాయ్ ఎమ్‌స్క్రిప్టెన్ అనే కంపైలర్‌తో సీ ప్రోగ్రాములను జావాస్క్రిప్టుగా మారుస్తుండేవాడు. గూగుల్ దారి వేరు: నేటివ్ క్లయింట్ పేరుతో ప్రాసెసర్ కోడ్‌నే క్రోమ్‌లో కంచె వేసి నడిపింది. మొజిల్లా దానికి ఒప్పుకోలేదు. 2013లో ఏఎస్‌ఎం.జేఎస్ అనే జావాస్క్రిప్ట్ ఉపభాషను తెచ్చింది. అందులో ఫంక్షన్ మొదట్లో కనిపించే x = x|0 ఒక ప్రకటన: ఇది ఇంటిజర్, రిజిస్టర్‌లో పెట్టుకో అని కంపైలర్‌కు చెప్పడం. ఫైర్‌ఫాక్స్ దాన్ని చదివి నేరుగా యంత్ర భాషలోకి మార్చేది. సంగతి తెలియని పాత బ్రౌజర్ మామూలు జావాస్క్రిప్టుగా నడుపుకుని, నెమ్మదిగానైనా అదే జవాబిచ్చేది. లెక్క సరిచేయడానికి పెట్టిన అతుకు వేగానికి కారణమైంది. అన్‌రియల్ ఇంజిన్ ఆటలూ ఆ దారినే బ్రౌజర్‌లోకి వచ్చాయి. నా ఓటు మొజిల్లాకే, గూగుల్ పద్ధతి ఎంత శుభ్రంగా ఉన్నా.

తర్వాతి కథ చకచకా సాగింది. గుణకారానికి మ్యాథ్.ఐమల్ భాషలోనే చేరింది. 2017కల్లా పెద్ద బ్రౌజర్లన్నీ వెబ్అసెంబ్లీ అనే ఉమ్మడి కోడ్ రూపానికి ఒప్పుకున్నాయి, గూగుల్ తన దారి మూసేస్తున్నట్టు ప్రకటించింది. వెబ్అసెంబ్లీలో 32 బిట్ల గుణకారం ఒక్క ఆదేశం. జావాస్క్రిప్టులోనే 64 బిట్లు కావలసినవారికి ఆ భాష 2020 ప్రమాణంలో బిగ్‌ఇంట్ వచ్చింది: ముందు లెక్క పూర్తిగా చేసుకోవడం, ఆ తర్వాత కత్తిరించడం.