డిస్నీ మారథాన్‌కి వెళ్తున్నారా? వాచ్‌లో ఆటో పాజ్ ఆపేయండి

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఏటా జనవరిలో జరిగే మారథాన్ ఇది. 42.195 కిలోమీటర్లు, తెల్లవారకముందే స్టార్ట్. మైలుకి 16 నిమిషాల పేస్ తగ్గకూడదు. బాగా వెనకబడితే బస్సెక్కించేస్తారు!

అసలు చిక్కు ఫోటోలతోనే. మిక్కీ కోసం క్యూలో నిలబడగానే ఆటో పాజ్ వాచ్‌లో టైమర్‌ని ఆపేస్తుంది. స్క్రీన్ మీద పేస్ సూపర్, రేసు గడియారం మాత్రం ఆగదు. అందుకే నేను ఆటో పాజ్ ఆఫ్ చేసి, మొత్తం గడిచిన టైమ్‌నే స్క్రీన్ మీద పెట్టుకున్నా. లెక్క సింపుల్: 10 మైళ్లకి 160 నిమిషాలు, 20కి 320.

20వ మైలు దగ్గర నా వాచ్‌లో 309. అంటే 11 నిమిషాలు మిగులు. ముందున్న క్యూ 6 నిమిషాలు పట్టేలా ఉంది. ధైర్యంగా నిలబడ్డా. ఫోటో, మెడల్ రెండూ దక్కాయి.