దిగబడిన కారుకు వెనక నుంచి సాయం

కైరుప్పల అనగానే మా ప్రాంతంలో ఎవరికైనా ఉగాది మర్నాడు జరిగే పిడకల సమరమే గుర్తొస్తుంది. వీరభద్రస్వామి, భద్రకాళి పేరు మీద ఊరు రెండు వర్గాలై పిడకలు విసురుకునే ఆ వేడుక చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొస్తాయి. నాకు మాత్రం ఆ ఊరి పేరు చెబితే పిడకలు కాదు, నల్లరేగడి బురదలో గిర్రున తిరిగిన మా కారు చక్రమే కళ్లముందు మెదులుతుంది.

2021 సెప్టెంబరులో ఒక సాయంత్రం. అమ్మ, తమ్ముడు ఊరికి కాస్త ఎడంగా చేలోనే ఇల్లు వేసుకుని ఉంటారు. అమ్మకు రెండు రోజులుగా విడవని జ్వరమని తెలిసి ఆదోని నుంచి నేనే కారు నడుపుకుంటూ వెళ్లాను. ఆస్పత్రికి తీసుకెళదామని ఆవిడను వెనక సీట్లో పడుకోబెట్టి బయల్దేరేసరికి వాన. తారు రోడ్డు ఇంకో రెండు వందల గజాలుందనగా చేని బాటలో ముందు చక్రం దిగబడింది. కంగారులో ఎక్సలరేటర్ గట్టిగా తొక్కాను. చక్రం బురద చిమ్మిందే తప్ప బండి అంగుళం కదల్లేదు.

"ఊరికే రేసు చేయొద్దమ్మా, ఇంకా దిగబడతాది!" అని పక్క చేలోంచి ఒక పెద్దాయన కేకేశాడు. చక్రం కింద జొన్న చొప్ప వేసి, ట్రాక్టరు తెప్పించి లాగించేసరికి ముప్పావు గంట పట్టింది. వెనక అమ్మ మూలుగుతుంటే ఆ ముప్పావు గంట ఎలా గడిచిందో నాకే తెలుసు. అదృష్టం బాగుండి అమ్మ కోలుకుంది.

2023లో పాత కారు మార్చాలనుకున్నప్పుడు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం చూద్దామన్నాను. "ఉన్న కారుకీ నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉన్నాయి కదా! మళ్లీ దానికి వేరే డబ్బెందుకు?" అని నవ్వారు మావారు. సగం డబ్బు నా జీతంలోంచి పోతున్నప్పుడు అది దేనికో నేను తెలుసుకోవద్దూ? షోరూములో అడిగాను, మెకానిక్కును విసిగించాను, కారుతో ఇచ్చే పుస్తకం చదివాను. నాకు అర్థమైంది మీకూ చెబుతాను.

ఒక్క చక్రమే ఎందుకు తిరిగింది?

కారుకు నాలుగు చక్రాలున్నా ఇంజను తిప్పేది మామూలుగా రెంటినే. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి అవి ముందు చక్రాలు. వెనకవి ఊరికే దొర్లుతూ వస్తాయి. ముందు రెండు చక్రాల మధ్య డిఫరెన్షియల్ అనే పళ్ల చక్రాల అమరిక ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం తిరగాలి కదా, ఆ తేడాకు వీలు కల్పించేది ఇదే.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఒక చక్రానికి పట్టు తప్పితే అది ఉత్తినే తిరిగిపోతుంది. పట్టున్న రెండో చక్రానికీ బలం అందదు. కింది కుళాయి విప్పగానే మేడ మీది కుళాయిలో ధార సన్నబడిపోదూ? అలాగన్న మాట.

జొన్న రొట్టెల దొంతర

అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ బలం అందించే ఏర్పాటును ఆన్ డిమాండ్ ఆల్ వీల్ డ్రైవ్ అంటారు. ఎద్దుల బండిని తలుచుకోండి. చదును బాటలో ఎద్దులే లాగుతాయి. బండి దిగబడితే లోపలివాళ్లు దిగి వెనక నుంచి ఒక తోపు తోస్తారు. గట్టెక్కాక మళ్లీ ఎక్కి కూర్చుంటారు. ఈ కారులోనూ జరిగేది అదే.

ఇంజను దగ్గర నుంచి వెనక ఇరుసు దాకా కారు అడుగున ఒక పొడవాటి షాఫ్టు ఉంటుంది. అది వెనక ఇరుసును కలిసేచోట కప్లింగ్ అనే డబ్బా ఉంటుంది. అందులో పలుచటి బిళ్లలు దొంతరగా పేర్చి ఉంటాయి. ఒకటి విడిచి ఒకటి చొప్పున సగం బిళ్లలు షాఫ్టుకు, సగం వెనక ఇరుసుకు చెందినవి. ఎండిన జొన్న రొట్టెలు దొంతర పెట్టి అడుగుదాన్ని తిప్పి చూడండి, పైవి జారతాయే గానీ తిరగవు. పైన బరువు పెట్టి తిప్పితే దొంతరంతా ఒక్కటై తిరుగుతుంది. బిళ్లలు వదులుగా ఉన్నంతసేపు వెనక చక్రాలకు బలం పోదు. నొక్కితే పోతుంది.

మరి నొక్కేదెవరు? కారులోని కంప్యూటరు. బ్రేకుల ఏబీఎస్ కోసం ప్రతి చక్రం దగ్గరా వేగం కొలిచే సెన్సరు ఎలాగూ ఉంటుంది. వెనకవాటికంటే ముందు చక్రాలు జోరుగా తిరుగుతున్నాయంటే అవి జారుతున్నాయనే లెక్క. వెంటనే విద్యుదయస్కాంతంతోనో, నూనె ఒత్తిడితోనో బిళ్లలు బిగుసుకుంటాయి. రెప్పపాటులో, దాదాపు సగం దాకా బలం వెనక్కి చేరుతుంది. ఇప్పటి కార్లయితే జారేదాకా కూడా ఆగవు. మనం ఎక్సలరేటర్ ఎంత తొక్కామో, స్టీరింగ్ ఎంత తిప్పామో చూసి ముందే సిద్ధమవుతాయి.

ఈ ఆలోచన పాతదే. 1986లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ సింక్రోలో కంప్యూటరు లేదు, చిక్కటి సిలికాన్ ద్రవమే ఆ పని చేసేది. మన దేశంలో మధ్యతరగతి వాళ్లకు కాస్త అందుబాటు ధరలో 2014లో రెనో డస్టర్, 2022లో మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ కార్లలో కొన్ని రకాలు ఈ ఏర్పాటుతో వచ్చాయి.

ఎప్పుడూ నాలుగూ తిప్పితే?

నాకూ అదే సందేహం వచ్చింది. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు కూడా ఒకే దూరం తిరగవు. రెంటినీ గట్టిగా ముడేస్తే పొడి రోడ్డు మీద టైర్లు ఈడ్చుకుపోతాయి, గేర్ల మీద భారం పడుతుంది. పాత జీపుల్లో నాలుగు చక్రాల లివరు తారు రోడ్డెక్కగానే తీసెయ్యాలనేది అందుకే. పైగా పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. ఆన్ డిమాండ్‌లో ఆ బెడద తక్కువ. చాలా కార్లలో "లాక్" అని ఒక మీట కూడా ఉంటుంది. బురదలో మెల్లగా పోయేటప్పుడు మాత్రమే అది వేయాలి.

మంత్రం కాదు సుమా!

నాలుగు చక్రాలూ పట్టు తప్పితే ఏ ఏర్పాటూ చేయగలిగింది లేదు. మన నల్లరేగడి మన్ను టైరు గాళ్లలో కూరుకుపోయి, టైరును నున్నటి గుండులా చేసేస్తుంది. అప్పుడు ఎన్ని చక్రాలు తిరిగినా జారడమే. ఇంకో సంగతి, ఇది బండిని కదిలించడానికే పనికొస్తుంది గానీ, ఆపడానికి కాదు. బ్రేకులు అన్ని కార్లకూ నాలుగు చక్రాలకే ఉంటాయి కాబట్టి, తడి రోడ్డు మీద మీ కారేమీ ముందుగా ఆగదు. ఇది ఉంది కదా అని పారుతున్న వంకలో బండి దించడం ప్రాణాలతో చెలగాటమే.

గుర్తుంచుకోండి

- రోజూ ఆదోని, ఎమ్మిగనూరు మధ్య తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లకు ఇది అక్కర్లేదు. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోండి.
- చేలకు, మట్టి బాటలకు తరచూ పోయేవాళ్లు కారు నేలకు ఎంత ఎత్తులో ఉందో కూడా చూసుకోండి.
- నాలుగు టైర్లూ ఒకే సైజులో, దాదాపు ఒకేలా అరిగి ఉండాలి. తేడా ఉంటే కప్లింగ్ ఊరికే శ్రమపడుతుంది.
- దిగబడినప్పుడు అదే పనిగా తొక్కితే బిళ్లలు వేడెక్కి, సాయం ఆగిపోతుంది. కాసేపు ఆగి మెల్లగా కదపండి.
- బండి చెడితే రెండు చక్రాలెత్తి లాగించొద్దు. నాలుగూ నేలకు తగలకుండా లారీ మీద ఎక్కించమనండి.
- వెనక కప్లింగ్ నూనె ఎప్పుడు మార్చాలో కారు పుస్తకంలో చూసి సర్వీసులో అడగండి.

ఇంతా తెలుసుకున్నాక కొన్నాను. చేను దగ్గర అమ్మ ఉంది, బాట మారలేదు, నాకు వేరే దారి కనిపించలేదు. అయినా డిక్కీలో ఒక తాడు, రెండు గోనె సంచులు ఎప్పుడూ పెట్టుకుంటాను. 2024 వానల్లో అమ్మను ఎక్కించుకుని అదే బాటలో వస్తుంటే, ముందు చక్రం ఒక్క క్షణం జారి, వెనక నుంచి ఎవరో నెట్టినట్టు బండి ముందుకు కదిలింది. అమ్మకు సంగతి వివరించాను. ఆవిడ నవ్వి, "అట్లయితే దిగి తోసేటోళ్లు ఈసారి బండి లోపల్నే ఉండారన్నమాట!" అంది.

ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?