మోటారు సైకిలు మీద పగలంతా

స్పోర్ట్స్ బైకు నడిపే మనిషిని మీరు రోడ్డు మీద చూసే ఉంటారు. హ్యాండిలు కిందికి ఉంటుంది, కాళ్ళు పెట్టుకునే చోటు వెనక్కి ఉంటుంది. నడిపేవాడు దూకబోయే కప్పలాగా ముందుకు వంగి కూర్చుంటాడు. వీధి చివరిదాకా వెళ్ళి రావటానికి ఆ కూర్చోవటం హుందాగానే ఉంటుంది. కాని అదే బండి మీద హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళ్ళాలనుకోండి. 44వ నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా సుమారు 570 కిలోమీటర్లు. మధ్యలో ఆగే సమయం కూడా కలుపుకుంటే పగలంతా పడుతుంది. కర్నూలు చేరేసరికే మణికట్లు లాగుతాయి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, సీటు మీద ఇక కూర్చోలేననిపిస్తుంది. ఎందుకని?

ఇది సుకుమారుల గోల అని కొట్టివేయకండి. మన దేశంలో నాలుగు వరుసల రహదారి మీద మోటారు సైకిలుకు 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. అంటే సెకనుకు 22 మీటర్లు. నొప్పి మీద ధ్యాస పోయి బ్రేకు వేయటం అర సెకను ఆలస్యమైతే బండి 11 మీటర్లు ముందుకు పోతుంది. అది ఇంచుమించు ఒక లారీ పొడవు.

మొదట మణికట్ల సంగతి చూద్దాం. మన శరీరం బరువులో నడుము పైభాగానిదే దాదాపు మూడింట రెండు వంతులు. 60 కిలోల మనిషికి అది 40 కిలోలు. నిటారుగా కూర్చుంటే ఆ బరువును వెన్నెముక నేరుగా సీటు మీదికి దింపుతుంది. ముందుకు వంగితే గురుత్వ కేంద్రం కూడా ముందుకు జరిగి, మొండెం ముందుకు పడబోతుంది. దాన్ని ఆపటానికి వీపు, పొట్ట కండరాలు బిగుసుకోవాలి. అవి అలసిపోయాయంటే భారం చేతుల మీదికి, అక్కడి నుంచి వంగిన మణికట్టు మీదికి వస్తుంది. మణికట్టులో ఎముకల మధ్య ఇరుకైన సందులోంచి ఒక నరం అరచేతిలోకి పోతుంది. ఆ సందు నొక్కుకుపోతే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి.

ఇక్కడ మనకు ఒక మిత్రుడున్నాడు. గాలి! ఎదురుగాలి ఛాతీని వెనక్కి నెడుతుంది కదా. ఆ నెట్టే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఛాతీ వైశాల్యంలో 0.3 చదరపు మీటర్లు గాలికి ఎదురుగా ఉన్నదనుకుని లెక్క వేయండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో గాలి నెట్టే బలం సుమారు 2 కిలోల బరువంత. 80 కిలోమీటర్ల వేగంలో వేగం రెండింతలే అయినా బలం నాలుగింతలై సుమారు 9 కిలోల బరువంత అవుతుంది. చేతుల మీద పడే భారంలో కొంత ఈ గాలి మోస్తుంది. అందుకే ఈ బండ్లు రహదారి మీద కంటె పట్నపు రద్దీలోనే ఎక్కువ బాధ పెడతాయి. (బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఈ సంగతి పరీక్షించవద్దు. ఈదురుగాలికి గొడుగు పట్టుకుంటే చాలు.)

అనుభవమున్నవాళ్ళు హ్యాండిలును గట్టిగా పట్టుకోరు. మోకాళ్ళతో పెట్రోలు ట్యాంకును అదిమి, నడుము నుంచి వంగి, మోచేతులు కొంచెం మడిచి ఉంచుతారు. అప్పుడు భారం తొడల మీదికి, పొట్ట కండరాల మీదికి పోతుంది. చేతులకు బండిని తిప్పే పని ఒక్కటే మిగులుతుంది.

అలాగని గాలి ఎప్పుడూ మిత్రుడే అనుకోకూడదు. తలకు, భుజాలకు గంటల తరబడి తగిలితే అదే అలసట తెస్తుంది. 1976లో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఆర్ 100 ఆర్.ఎస్. అనే మోటారు సైకిలును తెచ్చింది. దాని ముందు భాగాన ఉన్న గాలి తొడుగు ఆకారాన్ని ఇటలీలోని పినిన్‌ఫరీనా సంస్థ గాలి సొరంగంలో పరీక్షించి తీర్చిదిద్దారు. గాలి అద్దం ఎంత పెద్దదైతే అంత సుఖమనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. అద్దం పై అంచు దాటిన గాలి సుడులు తిరుగుతుంది. ఆ సుడులు సరిగ్గా హెల్మెట్‌కు తగిలితే తల ఊగిపోతుంది. ఒక్కోసారి అద్దం ఎత్తు తగ్గిస్తేనే తలకు నిలకడైన గాలి తగిలి హాయిగా ఉంటుంది.

ఇక సీటు. మీ చూపుడువేలి గోటిని మరో చేత్తో నొక్కి చూడండి. ఎర్రగా ఉన్న గోరు తెల్లబడుతుంది. వదలగానే మళ్ళీ ఎర్రబడుతుంది. నొక్కినప్పుడు సన్నని రక్తకేశనాళికలు మూసుకుపోయి రక్తం పక్కకు తప్పుకున్నదన్న మాట. ఆ నాళికల్లో రక్త పీడనం చాలా తక్కువ, సుమారు 15 నుంచి 35 మిల్లీమీటర్ల పాదరసం. సీటు మీద 45 కిలోల బరువు 450 చదరపు సెంటీమీటర్ల మేర సమంగా పడినా, పీడనం 70 మిల్లీమీటర్లు దాటుతుంది. నిజానికి సమంగా పడదు కూడా. కూర్చున్నప్పుడు మనల్ని మోసే రెండు కటి ఎముకల కొనల కింద ఇంకా ఎక్కువ. రక్తం అందని కండరం నొప్పి పెట్టి మొరపెట్టుకుంటుంది. తరగతిలో బెంచీ మీద మీరు అటూ ఇటూ కదులుతూనే ఉంటారే, అది అల్లరి కాదు, రక్తం కోసం శరీరం చేసే ఏర్పాటు! (ఈ మాట మీ మాస్టారితో నేను చెప్పానని చెప్పకండి.) స్పోర్ట్స్ బైకు సీటు ఇరుకు. కదలటానికి చోటుండదు.

మరి మెత్తని దూది దిండు వేస్తే సరిపోతుందా? కొద్దిసేపు బాగుంటుంది. తరవాత దిండు అణిగిపోయి ఎముకలు కింది గట్టి పలకకు తగులుతాయి. ఒళ్ళు ఎలా వంగితే అలా వంగే నులక మంచం మీద బాగా నిద్ర పడుతుంది చూడండి. బరువు ఎక్కువ చోట పంచుకోవటమే అందులోని కిటుకు. దూరప్రయాణీకులు గాలి గదులున్న దిండు వాడతారు. గదులన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కనుక, మూసిన పాత్రలోని గాలి పీడనాన్ని అన్ని వైపులకూ సమంగా పంచుతుందన్న పాస్కల్ నియమం ఎముకల కింద పనిచేస్తుంది. గాలి నిండుగా కొట్టకూడదు. బంతిలా బిగిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

వేళ్ళ తిమ్మిరికి మణికట్టు ఒక్కటే కారణం కాదు. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 చుట్లు. ఒకే సిలిండరున్న ఇంజను హ్యాండిలును ముఖ్యంగా సెకనుకు 100 సార్లు కంపింపజేస్తుంది. ఒకే వరుసలో నాలుగు సిలిండర్లుంటే ముఖ్యమైన కంపనం దానికి రెట్టింపు, 200 హెర్ట్జ్. మన చర్మం లోపల పాసినీ కణికలనే స్పర్శ గ్రాహకాలున్నాయి. అవి అన్నిటికంటె బాగా పసిగట్టే పౌనఃపున్యం 200, 300 హెర్ట్జ్ ప్రాంతమే! అందుకే వణుకు కంటికి కనిపించనంత చిన్నదైనా బండి దిగాక కూడా అరచేతులు జుమ్ముమంటాయి. రోజూ సంవత్సరాల తరబడి కంపనాలకు గురైతే వేళ్ళలో రక్తనాళాలు ముడుచుకుపోయి వేళ్ళు పాలిపోతాయి. అమెరికాలో రాళ్ళు చెక్కే కార్మికుల్లో ఈ జబ్బును ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు 1918లో పరిశీలించింది. బండి హ్యాండిలు రెండు కొనలకూ బిగించే ఇనుప దిమ్మలు అలంకారానికి కావు. బరువు పెరిగితే హ్యాండిలు సహజ పౌనఃపున్యం తగ్గి, ఇంజను వేగంతో అనునాదం తప్పుతుంది.

హెల్మెట్ లోపల గాలి హోరు కూడా తక్కువేమీ కాదు. రహదారి వేగంలో అది 90 డెసిబెల్స్ దాటుతుంది. చెవుల్లో మెత్తని బిరడాలు పెట్టుకునేవాళ్ళు సాయంత్రానికి తక్కువ అలసిపోతారు.

మే నెలలో ఇదే దారిన వెళ్ళేవాళ్ళు చొక్కా గుండీలు విప్పుకుని పోతుంటారు. గాలి తగిలితే చల్లబడతామని వాళ్ళ నమ్మకం. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. బయటి గాలి 44 డిగ్రీలుంటే వేడి ఎటు నుంచి ఎటు ప్రవహిస్తుంది? గాలి నుంచి మన ఒంట్లోకే కదా! ఒక గ్రాము చెమట ఆవిరి కావటానికి సుమారు 580 కేలరీల వేడి తీసుకుంటుంది. మనల్ని కాపాడేది ఆ గుప్తోష్ణమే. కాని ఒళ్ళంతా గాలికి వదిలేస్తే వడగాలి చెమటను క్షణాల్లో ఎగరేసుకుపోయి, ఒంట్లో నీటిని వేగంగా పీల్చివేస్తుంది. పైన జాకెట్టు వేసుకుని, లోపలి బనీను తడిపి, జిప్పు కొద్దిగా మాత్రమే తెరిస్తే అదే నీరు చాలాసేపు పనిచేస్తుంది. దీనితోపాటు గంట గంటకూ ఆగి నీళ్ళో, ఉప్పు వేసిన మజ్జిగో తాగాలి. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్లే.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. ఒకే కొలత చేతిరుమాళ్ళు రెండు తడిపి, సమంగా పిండండి. ఒకదాన్ని తిరిగే ఫ్యాను కింద దండెం మీద పరచండి. రెండోదాన్ని నాలుగైదు చిల్లులు పెట్టిన కాగితపు సంచిలో ఉంచి దాని పక్కనే వేలాడదీయండి. ఏది ఎంతసేపట్లో ఆరిందో గడియారం చూసి రాసుకోండి.