చిరిగిన టికెట్టుకు విలువ కట్టేదెవరు?
హెవీ మెటల్ అభిమానుల పెట్టెల్లో ఒక తరం చరిత్ర

బెంగళూరు: ఇక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007 మార్చి 17న బ్రిటన్‌కు చెందిన ఐరన్ మెయిడన్ బృందం కచేరీ ముగిసిన మరుక్షణం, ఆ కచేరీ టికెట్టుకు విలువ లేకుండా పోయింది. అయినా దాన్ని పుస్తకాల మధ్య దాచుకున్నవారు, అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నవారు నేటికీ ఉన్నారు. అగ్రశ్రేణి హెవీ మెటల్ బృందం భారతదేశంలో కచేరీ చేయడం అదే మొదటిసారి అని సంగీత ప్రియులు పరిగణిస్తారు. అంతకాలం క్యాసెట్లలో మాత్రమే విన్న గొంతును ఎదుట నిలబడి విన్నామనడానికి ఆ కాగితం ముక్క తప్ప వారివద్ద వేరే సాక్ష్యం లేదు.

టికెట్లు, టీ షర్టులు, పోస్టర్లు, జీన్స్ కోట్లపై కుట్టుకునే బట్ట బిళ్లలు, గిటారు మీటే ప్లాస్టిక్ పలకలు, సంతకాలు చేసిన ఆల్బమ్ అట్టలు మొదలైనవాటిని సేకరించడం పాశ్చాత్య దేశాలలో పాత అలవాటే. కచేరీ జరిగే చోటనే వీటిని అమ్మడం అక్కడి బృందాలకు ముఖ్యమైన ఆదాయ మార్గం. భారతీయ అభిమానికి చాలాకాలం ఆ అవకాశం లేదు. కచేరీలే లేనప్పుడు టికెట్టు ఎక్కడిది? అసలు సరుకు దిగుమతి కానప్పుడు టీ షర్టు ఎక్కడిది?

కొరత నేర్పిన విద్య

ఈ కొరతే ఇక్కడి సేకరణలకు ప్రత్యేకతను తెచ్చిపెట్టింది. విదేశాల నుంచి బంధువు తెచ్చిన ఒక్క క్యాసెట్టును కాలేజీ హాస్టల్‌లో పది మంది కాపీ చేసుకునేవారు. పాటల పేర్లను బాల్ పెన్నుతో రాసుకునేవారు. బృందం చిహ్నాన్ని చూసి చూసి చొక్కాపై రంగులతో తామే వేసుకునేవారు. 1991లో ఉపగ్రహ టెలివిజన్ ద్వారా ఎంటీవీ ప్రవేశించిన తరువాతనే ఈ సంగీతాన్ని కళ్లారా చూసే వీలు చాలామందికి కలిగింది. అలహాబాదు నుంచి అమిత్ సైగల్ 1993లో ప్రారంభించిన 'రాక్ స్ట్రీట్ జర్నల్' పత్రిక వేర్వేరు నగరాలలోని అభిమానులను ఒకరికొకరికి పరిచయం చేసింది. ఆ పత్రిక పాత సంచికలు నేడు సేకర్తలు ఇష్టపడి వెతికే వస్తువులయ్యాయి.

పొరుగు దేశాలలోనూ స్థానిక బృందాలు తయారయ్యాయి. ఢాకాలో వార్‌ఫేజ్ బృందం 1984లోనే ఏర్పడింది. బెంగళూరులో క్రిప్టోస్ 1998లో ప్రారంభమైంది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన బృందాల ఆల్బమ్‌లు లక్షల ప్రతులుగా ఉన్నాయి కనుక అవి పోవు. కాలేజీ ఉత్సవంలో పాడి, కొద్దిపాటి క్యాసెట్లు మాత్రమే పంచిన స్థానిక బృందం సంగతి అలా కాదు. ఒక అభిమాని అటక మీది క్యాసెట్టు పాడైతే ఆ బృందం పాట కూడా దానితోనే పోవచ్చు.

జరగని కచేరీ టికెట్టు

ఐరన్ మెయిడన్ 2008 ఫిబ్రవరిలో ముంబయికి, 2009 ఫిబ్రవరిలో మళ్లీ బెంగళూరుకు వచ్చింది. అమెరికా బృందం మెటాలికా 2011 అక్టోబరు 28న ఢిల్లీ సమీపంలోని గుర్గావ్‌లో పాడవలసి ఉండగా కచేరీ ఆగిపోయింది. ఆగ్రహించిన ప్రేక్షకులు అవరోధాలను దాటుకుని వేదికపైకి ఎక్కి సామగ్రిని ధ్వంసం చేశారు. రెండు రోజుల తరువాత బెంగళూరులో మాత్రం ఆ బృందం కచేరీ నిర్విఘ్నంగా జరిగింది. జరిగిన కచేరీ టికెట్టుతోపాటు జరగని కచేరీ టికెట్టును కూడా దాచుకోవడంలోనే సేకర్త మనస్తత్వం తెలుస్తుంది. ఒకటి సంతోషానికి గుర్తు. రెండవది నిరాశకు గుర్తు. చరిత్రకు రెండూ కావలసినవే.

విపణిలో లెక్క వేరు. ఎడ్డీ వాన్ హేలెన్ వాయించిన ఒక గిటారు 2023 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని సోథబీస్ వేలంపాటలో 39 లక్షల డాలర్లకు పైగా పలికింది. అప్పటి మారకం రేటు ప్రకారం ఇది సుమారు 32 కోట్ల రూపాయలు. ఇటువంటి ధరలు పాత టీ షర్టులకు కూడా గిరాకీ పెంచాయి. గిరాకీ వెంట నకిలీలు వచ్చాయి. కొత్త బట్టపై పాత తేదీలు అచ్చువేసి, ఉతికి వెలిసేలా చేసి అమ్మే మోసాలు సర్వసాధారణమయ్యాయి. మెడ వద్ద కంపెనీ చీటీ, అంచుల కుట్టు, వీపుపై ముద్రించిన కచేరీల తేదీలు సరిపోలుతున్నాయో లేదో చూసి అనుభవజ్ఞులు వాటిని పసిగడతారు. 1990 దశకం మధ్య వరకు వచ్చిన అనేక అమెరికన్ టీ షర్టుల అంచులకు ఒంటి వరుస కుట్టే ఉండేది.

నకిలీల కన్నా పెద్ద శత్రువు కాలమే. వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితంపై ముద్రించిన టికెట్లు ఎండకు, వేడికి తెల్లబడిపోతాయి. భద్రంగా ఉంటుందని చౌక ప్లాస్టిక్ కవరులో పెడితే, అందులోని రసాయనాల వల్ల అక్షరాలు మరింత త్వరగా మాసిపోవచ్చు. తేమ తగిలిన క్యాసెట్టు టేపుకు బూజు పడుతుంది. కనుక టికెట్టును ముందుగా ఫొటో తీయించడం, టేపులోని పాటలను కంప్యూటరులోకి ఎక్కించడం, వస్తువులను చీకటిగా, పొడిగా ఉండే చోట ఉంచడం అవసరం.

బర్మింగ్‌హామ్ చూపిన దారి

ఈ సంగీతానికి పుట్టినిల్లుగా పేరొందిన ఇంగ్లండ్ పారిశ్రామిక నగరం బర్మింగ్‌హామ్‌లోనూ ఒకప్పుడు దీనికి గౌరవం లేదు. లోహపు రేకుల కర్మాగారంలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న కార్మికుడు టోనీ అయోమీ, ప్లాస్టిక్ కరిగించి చేసుకున్న తొడుగులతో గిటారు వాయించి బ్లాక్ సబ్బత్ బృందాన్ని నిలబెట్టాడు. 'హోమ్ ఆఫ్ మెటల్' అనే సంస్థ అభిమానుల జ్ఞాపికలను కోరి సేకరించింది. 2011లోను, 2019లోను ఆ నగర మ్యూజియంలో ప్రదర్శనలు ఏర్పాటు చేసింది. ఆ బృందం గాయకుడు ఓజీ ఆస్బర్న్ 2025 జులై 22న మరణించే నాటికి అదే మ్యూజియంలో ఆయనపై ప్రదర్శన జరుగుతున్నది. నగర వీధుల్లో వేలాది మంది అంతిమయాత్రను చూసేందుకు నిలబడ్డారు.

సంగీతం కోసమే నెలకొల్పిన మ్యూజియం బెంగళూరులో 2019 నుంచి ఉన్నది. అయితే ఏ మ్యూజియమైనా తనంత తానుగా ప్రతి ఇంటి అటకా వెతకజాలదు. 1990 దశకంలో కాపీ క్యాసెట్ల చుట్టూ చేరిన విద్యార్థులు ఇప్పుడు నడివయసు దాటుతున్నారు. ఇల్లు మారినప్పుడు, పిల్లలు గది సర్దినప్పుడు వారి పెట్టెలు పాత కాగితాల వ్యాపారి తక్కెడలోకి చేరుతున్నాయి. అక్కడ విలువ కిలోల లెక్కనే. ఏ వస్తువు ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో వెళ్లినప్పుడు దొరికిందో ఒక చీటీపై రాసి దానితోపాటు ఉంచితే చాలు, తరువాతివారికి అది చెత్తగా కనిపించదు. ఆ చీటీ రాయగలవాడు దాచుకున్నవాడు ఒక్కడే.