చిలగడదుంపకు జన్యువులిచ్చిన మట్టి సూక్ష్మజీవి
మనిషి కంటే వేల ఏళ్ల ముందే ప్రకృతి చేసిన మార్పిడి

రంపచోడవరం: శివరాత్రి ఉపవాసానికి ఉడికించుకొనేది, చలికాలంలో నిప్పుల్లో కాల్చుకు తినేది, పులుసులో ముక్కలుగా వేసుకొనేది చిలగడదుంప. మన్యం సంతల్లో దీనిని ఎరుగనివారు లేరు. అయితే ఈ దుంపలో మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి జన్యువులు ఉన్నాయనీ, అవి ఏ ప్రయోగశాలలోనూ చొప్పించినవి కావనీ, వాటంతట అవే వచ్చి చేరాయనీ తెలిసినవారు తక్కువ.

బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం, పెరూ దేశపు లిమాలో ఉన్న అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు, మరికొందరితో కలిసి 2015లో ఈ సంగతి బయటపెట్టారు. సాగులో ఉన్న 291 చిలగడదుంప నమూనాలను పరీక్షిస్తే, అన్నింటిలోనూ ఆ సూక్ష్మజీవి జన్యువుల మూట ఒకటి కనిపించింది. చిలగడదుంపకు దగ్గర చుట్టాలైన అడవి తీగల్లో ఆ మూట లేదు.

జన్యుమార్పిడి అనగానే మన రైతులకు గుర్తుకొచ్చేది బి.టి. పత్తి. అది మంచిదని కొందరు, విషమని కొందరు వాదించుకోవడం వింటూనే ఉన్నాం. అటువంటి మార్పిడే మనం రోజూ తినే దుంపలో ఎలా జరిగింది?

కోకిల గుడ్డు కథే

జన్యువు అంటే జీవి ఎలా పెరగాలో, ఎలా ఉండాలో రాసి ఉన్న చీటీ వంటిది. తల్లి నుంచి పిల్లకు, విత్తనం నుంచి మొక్కకు ఈ చీటీలే వారసత్వంగా వస్తాయి. మామూలుగా ఒక జాతి చీటీ మరో జాతిలోకి పోదు. ఆ కట్టుబాటును దాటేది ఆగ్రోబాక్టీరియం అనే సూక్ష్మజీవి. కంటికి కనిపించదు. పొలాల మట్టిలోనే ఉంటుంది.

పార తగిలో, కొడవలి గీసుకొనో మొక్కకు గాయమైతే అక్కడ రసం ఊరుతుంది. ఆ రసంలోని పదార్థాలను పసిగట్టి ఈ సూక్ష్మజీవి గాయం దగ్గర చేరుతుంది. తన జన్యువుల్లో ఒక ముక్కను మొక్క కణంలోకి పంపుతుంది. ఆ ముక్క మొక్క సొంత జన్యువుల మధ్య అతుక్కుపోతుంది. ఇక కణం ఆ కొత్త చీటీని కూడా తనదే అనుకొని దాని ప్రకారం నడుస్తుంది. అదుపు లేకుండా పెరిగి కణితి కడుతుంది. అందులో ఆ సూక్ష్మజీవికి కావలసిన ప్రత్యేకమైన ఆహారం తయారవుతుంది. కోకిల గుడ్డు పెడితే కాకి పొదిగి, మేపి పెంచినట్లే. గులాబీ, ద్రాక్ష వంటి మొక్కల మొదట్లో వచ్చే కణితి తెగులు ఈ సూక్ష్మజీవి పనే.

సాధారణంగా ఆ కణితి మొక్కతోనే పోతుంది. కానీ జన్యువులు మారిన కణం నుంచే ఎప్పుడైనా పూర్తి మొక్క మొలిస్తే, ఆ మార్పు దాని సంతతికంతా దిగుతుంది. చిలగడదుంప విషయంలో అదే జరిగింది. అమెరికా ఖండంలో పుట్టిన ఈ పంటను మనుషులు తీగముక్కలు నాటుకుంటూ వేల ఏళ్లు సాగు చేశారు. ఆ తీగతోపాటు సూక్ష్మజీవి జన్యువులూ సముద్రాలు దాటి మన కొండలకు వచ్చాయి.

వేపలోనూ, పొగాకులోనూ

ఇది ఒక్క చిలగడదుంప విషయమే కాదు. గోదావరి లంకల్లో పండే పొగాకులోనూ ఇటువంటి జన్యువులున్నాయి. 2019లో ప్రచురితమైన మరో పరిశీలనలో వేప, జామ, వేరుశనగ, తేయాకు తెగల మొక్కల్లోనూ ఈ జాడలు కనిపించాయి. రెండు బద్దల విత్తనమున్న మొక్కల్లో నూటికి సుమారు ఏడు జాతులు ఇలా మారి ఉండవచ్చని ఆ శాస్త్రజ్ఞుల అంచనా.

దారి చూపింది సూక్ష్మజీవే

మొక్కల్లో కణితికి ఈ సూక్ష్మజీవే కారణమని 1907లో అమెరికాలో తేలింది. దాని జన్యువులు మొక్కలోకి పోతున్నాయని 1977లో రుజువయింది. కణితి కట్టించే జన్యువులు తీసేసి, వాటి స్థానంలో తమకు కావలసిన జన్యువు పెడితే సూక్ష్మజీవే దానిని మొక్కకు చేరవేస్తుందని 1983లో శాస్త్రజ్ఞులు చేసి చూపారు. మన దేశంలో 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తి ఈ పద్ధతిలో తయారైనదే. అందులోని శనగపచ్చ పురుగును చంపే జన్యువు కూడా మట్టిలోని మరో సూక్ష్మజీవిదే.

రెండూ ఒకటేనా?

జన్యువు దాటడం ఒకటే. మిగిలినవి ఒకటి కావు. చిలగడదుంపకు వచ్చిన జన్యువులను తరతరాలుగా కోట్లాది మంది తిన్నారు. కాబట్టి జన్యువు మారినంత మాత్రాన పంట విషం అవుతుందన్న భయానికి ఆధారం లేదు. అలాగని ‘ప్రకృతే చేస్తోంది కదా, ఏదైనా మంచిదే’ అనడం కూడా తప్పే. సూక్ష్మజీవి తన తిండి కోసం చేసిందే కానీ మన కోసం చేయలేదు. ఆ జన్యువులున్నా చిలగడదుంపను ముక్కుపురుగు తొలుస్తూనే ఉంది. ఒక్కో కొత్త పంటను విడివిడిగా పరీక్షించి చూడవలసిందే. బి.టి. వంకాయను కేంద్రం 2010లో నిలిపివేసింది ఇంకా పరీక్షలు కావాలనే.

ఇంకొక తేడా రైతు జేబుకు సంబంధించినది. చిలగడదుంప తీగ కావాలంటే పక్క చేనివారిని అడిగితే చాలు, కోసి ఇస్తారు. దానికి యజమాని లేడు, ధర లేదు. బి.టి. పత్తి విత్తనం ఏటా కొనాలి. 450 గ్రాముల పాకెట్ ఒకప్పుడు రూ.1,600 పైన పలికింది. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కమిషన్ దాకా వెళ్లి పోరాడితే 2006లో రూ.750కి దిగింది. అంత పెట్టి కొన్నా గులాబీ రంగు పురుగు ఆ విషానికి క్రమంగా అలవాటు పడిపోయింది.

రైతు అడగవలసినవి

ఇప్పుడు కలుపు మందుకు చావని పత్తి అంటూ అనుమతి లేని విత్తనాలను దొంగచాటుగా అమ్మేవారున్నారు. అటువంటి విత్తనానికి బిల్లు ఉండదు. మొలవకపోయినా, పంట పోయినా నష్టపరిహారం అడగడానికి చేతిలో కాగితం ఉండదు. అందుచేత విత్తనం కొనే ముందు జన్యువు మారిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఆగకూడదు. ఏ జన్యువు పెట్టారు, దేనికి పెట్టారు, ప్రభుత్వ అనుమతి ఉందా, బిల్లు ఇస్తారా, వచ్చే ఏడు మళ్లీ కొనాలా అని అడగాలి. సందేహముంటే పందిరిమామిడి కృషి విజ్ఞాన కేంద్రంలోనో, దగ్గరలోని వ్యవసాయాధికారినో విచారించుకోవచ్చు. అడిగినందుకు ఖర్చేమీ లేదు. అడగకపోతే ఒక ఏటి పంటే పోవచ్చు.