ఊట ఒక్కచోట.. నీరు అన్నిచోట్లా!

* పెన్‌డ్రైవ్ లేకుండానే నెట్‌వర్క్ ద్వారా కంప్యూటర్ల బూటింగ్
* ల్యాబ్‌లకు రోజుల కొద్దీ సమయం ఆదా
* తొందరపడితే ఉన్న డేటా గల్లంతు

నౌబాద్ (బీదర్): నౌబాద్ అనగానే ఎవరికైనా కరేజ్ గుర్తొస్తుంది. 15వ శతాబ్దంలో బహమనీల కాలంలో ఎర్రరాతి నేలను తొలిచి వేసిన నీటి సొరంగం అది. ఊట ఒకచోట ఉంటుంది. అక్కడి నుంచి వాలు వెంట నీరు దానంతటదే సాగుతుంది. దారి పొడవునా నిలువు బావులు. ఊట దగ్గరి నుంచి బిందెలు మోసుకురావాల్సిన పని లేదు.

కంప్యూటర్ ల్యాబ్‌లలో మాత్రం చాలాచోట్ల ఇంకా బిందెల మోతే నడుస్తోంది. 30 కంప్యూటర్లుంటే పెన్‌డ్రైవ్ పట్టుకుని 30 సార్లు తిరగాల్సిందే. ఒక్కోదానికి గంట వేసుకున్నా 30 గంటలు. అంటే దాదాపు నాలుగు పనిదినాలు. ఈలోగా ప్రాక్టికల్స్ ముంచుకొస్తాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోవడంతో సిస్టమ్‌లన్నీ మార్చాల్సిన పని మరింత పెరిగింది. దీనికి ఉన్న దారే నెట్‌వర్క్ బూటింగ్.

అసలేంటిది?

కంప్యూటర్ ఆన్ చేయగానే హార్డ్‌డిస్క్ వైపు చూడటం మామూలే. అలాకాకుండా ల్యాన్ వైరు ద్వారా సర్వర్‌ను అడిగేలా చేయొచ్చు. దీన్ని పీఎక్స్ఈ అంటారు. వాడుకలో 'పిక్సీ'. ఇంటెల్ దీని 2.1 ప్రమాణాన్ని 1999లో విడుదల చేసింది. ల్యాన్ పోర్టు ఉన్న ఆఫీసు కంప్యూటర్లు చాలావాటిలో ఈ సదుపాయం ముందే ఉంటుంది.

మొదట డీహెచ్‌సీపీ ఆ కంప్యూటర్‌కు ఐపీ అడ్రస్ ఇస్తుంది. బూట్ ఫైలు ఎక్కడుందో కూడా చెబుతుంది. టీఎఫ్‌టీపీ అనే పద్ధతిలో ఆ ఫైలు దిగుతుంది. దాని వెంట చిన్నపాటి లినక్స్ మెమొరీలోకి వస్తుంది. అదే సర్వర్ నుంచి 'ఇమేజ్' తెచ్చి డిస్క్ మీద రాసేస్తుంది. ఇమేజ్ అంటే ఫొటో కాదు. ఆపరేటింగ్ సిస్టమ్, సాఫ్ట్‌వేర్లు, సెట్టింగులతో సహా ఒక డిస్క్‌కు అచ్చు నకలు.

సాఫ్ట్‌వేర్ ఉచితమే

ఫాగ్, క్లోన్‌జిల్లా.. రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఫాగ్‌కు విడిగా ఒక లినక్స్ సర్వర్ ఉండాలి. నిత్యం ఈ పని ఉండే పెద్ద కాలేజీలకు అది నప్పుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు అవసరమయ్యే చిన్న ల్యాబ్‌కు క్లోన్‌జిల్లా చాలు. పెన్‌డ్రైవ్‌తో ఒక్క కంప్యూటర్‌ను బూట్ చేసి 'లైట్ సర్వర్' ఎంచుకుంటే అదే తాత్కాలిక సర్వర్ అవుతుంది.

క్లోన్‌జిల్లా పుట్టింది తైవాన్‌లోని జాతీయ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ కేంద్రంలో. అక్కడి తరగతి గదిలో 5.6 జీబీ ఇమేజ్‌ను 41 కంప్యూటర్లకు సుమారు 10 నిమిషాల్లో ఎక్కించారు. కిటుకంతా మల్టీకాస్ట్‌లో ఉంది. సర్వర్ ఒక్కసారి పంపితే అందరూ ఒకేసారి అందుకుంటారు.

స్విచ్ కూడా చూసుకోవాలి. 20 జీబీ ఇమేజ్ 100 ఎంబీపీఎస్ పాత స్విచ్‌లో వెళ్లడానికి లెక్క ప్రకారం 27 నిమిషాలు. గిగాబిట్ స్విచ్ అయితే మూడు నిమిషాల లోపే. డిస్క్ నెమ్మదిదైతే ఇంకొంత పడుతుంది.

మొదలుపెట్టేదిలా..

ముందుగా ఒక కంప్యూటర్‌ను అన్నివిధాలా సిద్ధం చేయాలి. కోర్సు సాఫ్ట్‌వేర్లు, ఆఫీసు పనికి 'నుడి', కన్నడ, తెలుగు కీబోర్డులు అన్నీ అందులోనే పెట్టేస్తే మిగతావాటికీ వచ్చేస్తాయి. విండోస్ అయితే ఇమేజ్ తీసే ముందు 'సిస్‌ప్రెప్' నడపాలి. లేకుంటే అన్ని కంప్యూటర్లూ ఒకే గుర్తింపుతో తయారవుతాయి. ఆ తర్వాత వేరే స్విచ్ మీద సర్వర్, ఒకే ఒక్క ఖాళీ కంప్యూటర్ కలిపి పరీక్షించాలి. అది సాఫీగా లేచాకే రెండోది, మూడోది. మొత్తం ల్యాబ్ చివర్లోనే.

ఇక్కడే జాగ్రత్త

* ఇమేజ్ ఎక్కితే ఆ డిస్క్‌లో పాతది మిగలదు. విద్యార్థుల ప్రాజెక్టులు, రికార్డులు ముందే వేరేచోట దాచాలి. నకలు తెరిచి చూశాకే ముందుకెళ్లాలి.
* ఒకే నెట్‌వర్క్‌లో రెండు డీహెచ్‌సీపీలు పోటీ పడితే ఆఫీసు, ల్యాబ్ అన్నిటికీ ఇంటర్నెట్ పోవచ్చు. రూటర్ ఇప్పటికే అడ్రస్‌లు ఇస్తుంటే 'ఉన్న డీహెచ్‌సీపీనే వాడు' అనే ఆప్షన్ ఎంచుకోవాలి.
* పాత బయోస్‌కు ఒక బూట్ ఫైలు, కొత్త యూఈఎఫ్ఐకి మరొకటి. తెర నల్లగా ఉండిపోతే ముందు చూడాల్సింది ఇదే.
* సెక్యూర్ బూట్ ఆపాల్సి రావచ్చు. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోవాలి.
* వైఫైని నమ్ముకోవద్దు. వైరే శరణ్యం.
* సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ విండోస్ లైసెన్సు ఉచితం కాదు. ప్రతి కంప్యూటర్‌కూ ఉండాల్సిందే.

ఒకసారి చేసి వదిలేస్తే కుదరదు. సెమిస్టర్‌కోసారి మాస్టర్ కంప్యూటర్‌ను అప్‌డేట్ చేసి కొత్త ఇమేజ్ తీయాలి. పూడిక తీయకపోతే కరేజ్‌లోనైనా నీరు పారదు కదా!